కింది దిక్కు

పాత రూల్సు పుస్తకం మాకు పొసగలే.
అండ్ల మంత్రగాడు పొద్దుగాల లేచి మంత్రాలు బట్టీ పడతడు,
ఒక్కసారి వాడంగనే మరిచిపోతడు.
"ఇది ఇంటర్ పరీక్షే గదక్కా" అన్నడు అఫ్సర్,
రెండు సప్లీలు మోసినోడు.
ఇంకో పుస్తకంల శక్తికి పాయింట్లు.
అయిపోతే పండుకోవాలె, తెల్లారేసరికి నిండుతయి.
"నా ఫోన్ల డేటా" అన్నది స్వరూప.
మొగిలి ఏమనలే. మొగిలి ఎప్పుడూ ఏమనడు,
బజ్జీల కాగితం మడుస్తుంటడు.

కొత్తవాడల, స్వరూపోళ్ల ఇంట్ల,
ఆదివారం మగ్గం ఆగినంక మా ఆట.
గుంట మీద చెక్క పరిస్తే అదే బల్ల.
ఓనాడు పాచికలు ఆ గుంటల పడ్డయి.
వెతికితే చేతికి దొరికింది తెగిన నూలు,
ఎర్రదొకటి, నీలిదొకటి, జానెడు జానెడు.
జిరాక్సు కాగితం వెనక రాసిన:

మంత్రానికి మాట లేదు. ముడి ఉంది.
ఏం కావాల్నో అనుకో, పోగుకు ముడెయ్యి.
ఎంత గట్టిగ గుంజితే అంత బలం.
గాని ఆట అయిపోయేలోపల
వేసినోడే విప్పాలె, ఉత్త గోర్లతోని.
కత్తెర లేదు, పండ్లతో కొరుకుడు లేదు.
విప్పని ముడి ఒంటి మీదికొస్తది.

మొదట్ల అందరం పిసినారులమే.
కుక్క నోరు కట్టెటందుకు జారుముడి,
తలుపు మూసెటందుకు ఇంకో జారుముడి.
స్వరూప నిమిషానికి మూడు విప్పుతది,
అందుకే ఆమె మంత్రగత్తెకు రాజ్యమంత భయపడ్డది.
అఫ్సర్ గోర్లు కొరుక్కునే రకం.
పాపం, వాని మాంత్రికునికి నాలుగు వారాల సంది నత్తి,
కుడికాలికి తిమ్మిరి.

ఆరో ఆదివారం
బయట నిజం వాన.
నయీంనగర్ నాలా పొంగిందని ఫోన్ల మీద ఫోన్లు.
లోపల నేను చెరువు కట్ట తెంపిన,
కాగితం మీద, నీలి స్కెచ్చుతోని.
కట్ట కింద మేమే కట్టుకున్న ఊరు:
నూట పన్నెండు ఇండ్లు, ఒక సోడా బండి,
అఫ్సర్ పేరు పెట్టుకున్న మేక.
ఎవ్వరి మంత్రం సరిపోలే.
అప్పుడు మొగిలి,
ఆరు వారాల్ల ఒక్క ముడి వెయ్యనోడు,
ఎర్ర పోగు తీసుకుని
కాజీపేట షెడ్డుల బోల్టులు బిగించే చేతులతోని
గుంజిండు.
నూలు కిర్రుమన్నది.
నీళ్లు నిలబడ్డయి.

(వాళ్ల గోడ మీద నిరుటి నీళ్ల గీత
ఇంకా తుడవలేదని నాకు తర్వాత తెలిసింది.)

పదిన్నర. ఆట ఒడిసింది, ముడి ఒడవలే.
స్వరూప చెయ్యి చాపింది,
రూలు యాదికొచ్చి వెనక్కి తీసుకున్నది.
మొగిలి గోరు చీలింది. కరెంటు పోయింది.
ఫోన్ల లైట్లల నలుగురం
నువ్వుగింజంత ముడి మీద వంగి కూసున్నం.

"ఏం పోగొట్టుకున్నరు పిల్లలూ?"
స్వరూప నాయిన సారంగపాణి, చేతుల చార్జింగ్ లైటు.
చెప్పినం. ఊరు, కట్ట, నీళ్లు, మేక సుత.
నవ్వలే.
ముడిని బొటనవేలు కింద దొర్లిచ్చి సూసిండు.
"పోగు తెగితే ముడేస్తం. వేసినంక విప్పుడేంది?
విప్పితే మళ్ల తెగినట్టే గదా.
కింది దిక్కు మలిపి నేసుకుంట పోవుడే."
మగ్గం మీది జంపఖానా అంచు ఎత్తి సూపెట్టిండు.
పైన నెమలి.
కింద ముళ్లే ముళ్లు, గరుకు గరుకుగ,
మా అమ్మ అరిచెయ్యి లెక్క.

రూలు కొట్టెయ్యలే. కింద ఇంకో లైను రాసిన:
విప్పరాని ముడిని ఊరి కింది దిక్కు మలపొచ్చు.
"దానికి ఖర్చెంత?" అన్నడు అఫ్సర్.
వచ్చే ఆదివారం చెప్త అన్న. ఇప్పటిదాక చెప్పలే.

ఎర్ర పోగు మగ్గంలకే పోయింది.
ఆ జంపఖానా ఎవరో కొనుక్కపోయిండ్రు,
హుజూరాబాద్ దిక్కట.
దాని మీద కూసోని అన్నం తింటుండ్రేమో,
చంటిపిల్లను బోర్ల పండుకోబెట్టిండ్రేమో.
వాళ్లకు తెల్వదు,
కింద ఒక చెరువు ఆగి ఉన్నది.